కయాక్‌కు తొడిగిన గాజు గుడ్డ: రెండు చోట్ల కొన్నాను, ఒకటే మళ్లీ కొంటాను

మా తాతగారిది చీరాలలో మగ్గం. ఎవరు ఏ గుడ్డ కొనుక్కొచ్చినా ముందు వెలుతురుకు ఎత్తి పట్టుకుని నేత చూసేవారు, తర్వాత అంచును వేళ్లతో నిమిరేవారు. అమెరికాలో సియాటిల్ దగ్గరి రెడ్‌మండ్‌లోని మా గ్యారేజీలో 17 అడుగుల కయాక్, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవ, కడుతూ ఫైబర్‌గ్లాస్ గుడ్డ (గాజు పోగులతో నేసింది) కొన్నప్పుడు నేను మొదటిసారి ఆ పని చేయలేదు. రెండోసారి చేశాను.

పడవ ఒళ్లంతా పావు అంగుళం మందం ఎర్ర సెడార్ చెక్క పట్టీలు. పక్కపక్కన అతికించిన ఆ పట్టీలు ఒంటరిగా దెబ్బకు నిలవవు. లోపలా బయటా గాజు గుడ్డ పరిచి ఎపాక్సీ (ఆరితే గట్టిపడే జిగురులాంటి రెసిన్) పట్టిస్తేనే అది పడవ అవుతుంది. బయటికి 6 ఔన్సుల గుడ్డ ఎంచుకున్నాను. చదరపు గజం బరువు 6 ఔన్సులన్నమాట, అంటే చదరపు మీటరుకు సుమారు 200 గ్రాములు. లోపలికి 4 ఔన్సులది చాలు.

డెక్, అంటే పడవ పైభాగం, గుడ్డను ఒక ఆన్‌లైన్ దుకాణం నుంచి తెప్పించాను. గజానికి 3 డాలర్లు తక్కువ. చీరలా మడతపెట్టి చిన్న పెట్టెలో కుక్కి పంపారు. నూలు గుడ్డ మడత ఇస్త్రీతో పోతుంది, గాజు పోగు మడత దగ్గర విరుగుతుంది. రెండు రోజులు పరిచి ఉంచినా గీతలు సర్దుకోలేదు. రెసిన్ పట్టించగానే గుడ్డ కంటికి కనబడకుండా పోయి సెడార్ రంగు పైకి వచ్చింది, మడతలున్న 5 చోట్ల మాత్రం తెల్లటి గీతలు మిగిలాయి. నాలుగు నెలలు పట్టీ పట్టీ ఏరి రంగులు జతచేసిన డెక్ అది. ఎండలో ఆ గీతలు చూసినప్పుడల్లా బాధగానే ఉంటుంది.

అడుగు భాగానికి సియాటిల్‌లో పడవ సామాన్లు అమ్మే దుకాణానికి స్వయంగా వెళ్లాను. 50 అంగుళాల పన్నా, 6 గజాలు, అట్టగొట్టానికి చుట్టి ఇచ్చారు. ఎత్తి చూస్తే పడుగూ పేకా ఎక్కడా వంకర పోలేదు. పూత గురించి అడిగితే విసుక్కోకుండా చెప్పారు. మగ్గం మీద పడుగుకు గంజి పెట్టినట్టే గాజు పోగులకూ నేతకు ముందు పిండి, నూనె కలిసిన పూత పెడతారట. అది రెసిన్‌ను అంటనివ్వదు కాబట్టి నేత అయ్యాక వేడితో కాల్చేసి, రెసిన్ పట్టుకునేలా సిలేన్ అనే రసాయనం పూత వేస్తారట. గంజి పేరు వినగానే నాకు చీరాల వీధి గుర్తొచ్చింది. మన తీరంలో ఫైబర్ పడవలకు వాడే చాపలాంటి మ్యాట్‌ను మాత్రం దీనికి కొనకండి. అందులోని పోగులను కలిపి ఉంచే జిగురు పాలిస్టర్ రెసిన్‌లోని స్టైరీన్ అనే ద్రావకానికి కరుగుతుంది, ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు కాబట్టి కరగదు.

పరిచే రోజు పగలంతా హీటరుతో చెక్కను వెచ్చబెట్టి, ఆర్పేసి, సాయంత్రం 6 గంటలకు మొదలుపెట్టాను. చల్లారే చెక్కలో గాలి ముడుచుకుని రెసిన్‌ను లోపలికి లాక్కుంటుంది. పొద్దున్నే మొదలుపెడితే వేడెక్కే కొద్దీ అదే గాలి గుడ్డ కింద బుడగలై లేస్తుంది. గుడ్డ కత్తిరించక ముందు దాదాపు 1.4 కిలోలుంది. మొదటి పూతకు రెసిన్ కూడా ఇంచుమించు అంతే బరువు ఉండాలి. ఇక్కడే చేయి ఆపుకోవాలి. తెల్ల మచ్చ ఉంటే రెసిన్ అందలేదని, అద్దంలా మెరుస్తుంటే గుడ్డ రెసిన్ మీద తేలుతోందని అర్థం. స్క్వీజీతో (రబ్బరు అంచు పలకతో) అదనపు రెసిన్ లాగేశాక చెక్క స్పష్టంగా కనబడాలి, పైన నేత గళ్లు మసకగా, పొడిపొడిగా ఉండాలి. ఈ గుడ్డ అలా రావడానికి నన్ను ఏమాత్రం కష్టపెట్టలేదు. ముక్కు దగ్గర మాత్రం నిలువు ముక్క వంపుకు ఒదగలేదు. ఐమూలగా కత్తిరించిన పట్టీ వేస్తే చర్మంలా అతుక్కుంది.

రెసిన్ తోలులా గట్టిపడే వేళకు వేలాడే అంచును పదునైన బ్లేడుతో కోసేయండి. పూర్తిగా ఎండనిస్తే రంపం పట్టాల్సి వస్తుంది. నేత గళ్లు నిండడానికి మరో రెండు పూతలు, కింది పూత ఇంకా పచ్చిగా ఉండగానే వేశాను. నైట్రైల్ తొడుగులు లేకుండా ఎపాక్సీ ముట్టుకోకండి. ఒకసారి ఒంటికి పడకుండా పోతే మళ్లీ దాని దగ్గరికి వెళ్లలేరు. ఎండ ఎపాక్సీని పాడుచేస్తుంది కాబట్టి చివర అతినీలలోహిత కిరణాలను ఆపే వార్నిష్ తప్పదు.

రెండో గుడ్డలో నాకు కనిపించిన లోపం ఒక్కటే: నేత అంచు కాస్త మందం. దాన్ని అలాగే ఉంచితే రెసిన్ కింద గట్టులా నిలుస్తుంది. అర అంగుళం కోసేసి వాడాను. మళ్లీ కడితే డెక్‌కు 4 ఔన్సులతో సరిపెట్టి బరువు తగ్గిస్తాను, సమామిష్ చెరువు ఒడ్డు గులకరాళ్ల మీద రాసుకునే అడుగుకు మాత్రం 6 ఔన్సులే. రెండూ గొట్టానికి చుట్టించే తెచ్చుకుంటాను. కారులో వెనక సీటు వాల్చుకుంటే 50 అంగుళాల గొట్టం సులువుగా పడుతుంది.