ఒసిబిసా మొదటి ఎల్పీ కొన్నా, ఎట్లుందంటే

ఆన్‌లైన్‌లో పాత రికార్డులు అమ్మేవాళ్ళ దగ్గర 1,400 పెట్టి తెప్పించినా, 1971లో వచ్చిన ఒసిబిసా అనే బ్యాండు మొదటి ఎల్పీ, అంటే రెండు వైపులా పాటలుండే పెద్ద రికార్డు. తిరుపతికి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది, అట్ట మూల నలిగిపోయి వచ్చింది, అటొకటి ఇటొకటి గట్టి అట్టముక్క పెట్టింటే ఈ బాధ లేదు కదా. అట్ట మీద రోజర్ డీన్ గీసిన రెక్కల ఏనుగులు మాత్రం ఆ సైజులోనే చూడాల, ఫోన్లో చూస్తే ఏం తెలీదు.

తెలీనోళ్ళకు చెప్తా, ఒసిబిసా 1969లో లండన్లో పెట్టిన బ్యాండు. టెడ్డీ ఒసేయ్, ఆయన తమ్ముడు మ్యాక్ టోంటో, డ్రమ్ములు వాయించే సోల్ అమార్ఫియో ముగ్గురూ ఘానా వాళ్ళు, ఒకాయన నైజీరియా, మిగతా ముగ్గురు కరీబియన్ దీవులు, గ్రెనడా, ట్రినిడాడ్, ఆంటిగ్వా. ఏడు మందిలో ఒక్కరిదీ లండన్ కాదు. హైలైఫ్ అనే ఘానా డ్యాన్సు సంగీతం, జాజ్, రాక్ గిటారు అన్నీ కలిపి జనాల్తో చిందేయించినారు.

మొదటి పాట పురుగుల చప్పుడుతో మొదలవుతాది, ఒకాయన తెల్లారుజామున ఊరు ఎట్లుంటాదో చెప్తాడు, తర్వాత మెల్లగా డ్రమ్ములు ఎక్కుతాయి. నాకు దాని తర్వాత వచ్చే మ్యూజిక్ ఫర్ గాంగ్ గాంగే ప్రాణం. ట్రంపెట్టు, శాక్సఫోను ఒకేసారి లేస్తాయి, కింద మూడు నాలుగు రకాల దరువులు ఒకదాన్నొకటి తరుముకుంటా పోతాంటాయి, తాతయ్యగుంట గంగమ్మ జాతరలో పలకలోళ్ళ మధ్య నిలబడితే కడుపులో ఎట్ల అదురుతాదో అచ్చం అట్లే, కాళ్ళు ఊరికే ఉండవు. మామ వాళ్ళింట్లో పాత ప్లేయరు, పెద్ద స్పీకర్లు ఉండాయి కాబట్టి సరిపోయింది, చిన్న బ్లూటూత్ స్పీకర్లో బేసంతా పోతాది, దాని కోసమైతే కొనొద్దు.

రెండో వైపు అక్వాబాతో మొదలు, రండి రండి అని పిలవడం దాని అర్థం, నా కాపీలో దాని మీదే గీత పడింది, టక్ టక్ మంటా ఉంది. ఆరెంజెస్ అనే పాట నాకు కొంచెం చప్పగా అనిపించింది. మీరు కొంటే డబ్బులేసే ముందు రెండు వైపులా వెలుతుర్లో పెట్టి ఫోటోలు తీసి పంపమని గట్టిగా అడగండి, నేను అడగలా. వీళ్ళు మన దేశానికొచ్చి వాయించిన లైవ్ రికార్డు కూడా ఉంది, ఇంక దాని కోసం వెతకాల.

మా పెద్దమ్మ కొడుకు కువైట్లో డ్రైవరు. శుక్రవారం సెలవు, ఆ పొద్దు రూమ్‌లో పీలేరు పిల్లోళ్ళు, రాయచోటి పిల్లోళ్ళు చేరి ప్లాస్టిక్ బకెట్ బోర్లేసి పలక దరువు కొడతారు. గాంగ్ గాంగ్ పాట ఫోన్లో రికార్డు చేసి వానికి వాట్సాప్‌లో పంపినా. "అన్నా, ఇది మన దరువే కదన్నా" అని వాయిస్ మెసేజ్ పెట్టినాడు, ఎనకాల బకెట్ చప్పుడు ఇనపడతా ఉంది, వచ్చే శుక్రవారానికి రెండో వైపు కూడా పంపాలంట.