అమెరికా తిరుగుబాటు: పన్నా, భూమా, పాలనా?

ఇంగ్లండు నుంచి వెళ్లి స్థిరపడ్డవాళ్లే ఇంగ్లండు మీద ఎందుకు తిరగబడ్డారు? పోటీ పరీక్షలకు చదివే పిల్లలు తరచూ అడుగుతుంటారు. పుస్తకంలో టీ మీద పన్ను అని ఉంటుంది. అంత చిన్న పన్నుకు ఎనిమిదేళ్ల యుద్ధమా అన్నది వాళ్ల సందేహం. న్యాయమైన సందేహమే.

ముందు పన్ను సంగతి. 1763లో ఫ్రాన్స్‌తో ఏడేళ్ల యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ అప్పు దాదాపు రెట్టింపైంది. అందులో కొంత కాలనీలు భరించాలని లండన్ అనుకుంది. 1765లో దస్తావేజులు, పత్రికల వంటివన్నీ పన్ను కట్టిన స్టాంపు కాగితం మీదే ఉండాలని స్టాంపు చట్టం తెచ్చింది. 1767లో గాజు, సీసం, రంగులు, కాగితం, టీ మీద సుంకాలు వేసింది. బహిష్కరణలు జరిగాయి, లండన్ వెనక్కి తగ్గింది. స్టాంపు చట్టం మరుసటి ఏడాదే రద్దయింది, 1770లో టీ తప్ప మిగతా సుంకాలు పోయాయి. పైగా బ్రిటన్‌లో ఉన్నవాళ్లతో పోలిస్తే కాలనీల వాళ్లు కట్టేది చాలా తక్కువ. 1773 టీ చట్టంతో టీ ఇంకా చవకైంది కూడా. ఆ టీ ఈస్టిండియా కంపెనీది. 1766లో నిజాంతో ఒప్పందం చేసుకుని మన ఉత్తర సర్కారులు పుచ్చుకున్న కంపెనీయే. మసాచుసెట్స్ కాలనీ రేవు బోస్టన్‌లో 342 పెట్టెల టీ నీళ్లపాలు చేసింది ధర పెరిగినందుకు కాదు, మా ఓటు లేని పార్లమెంటు మా మీద పన్ను ఎలా వేస్తుందని.

పన్నే అసలు కారణమైతే కరీబియన్‌లోని బ్రిటిష్ కాలనీలైన జమైకా, బార్బడోస్ కూడా తిరగబడాలి. స్టాంపు పన్ను వాటికీ పడింది. కానీ అక్కడ తెల్లవాళ్ల కంటే బానిసలు ఎన్నో రెట్లు ఎక్కువ, దొరలకు బ్రిటిష్ సైన్యం అండ లేకుండా రోజు గడవదు. ఉత్తరాన ఫ్రాన్స్ కెనడాను బ్రిటన్‌కు వదులుకున్నాక, తిరగబడ్డ పదమూడు అమెరికా కాలనీలకు ఆ అవసరం బాగా తగ్గిపోయింది.

భూమి వాదన ఇంకా బలమైనది. అప్పలాచియన్ కొండలు దాటి పడమర స్థిరపడకూడదని 1763లో రాజు ప్రకటించాడు. ఒహాయో లోయ భూముల మీద ఆశ పెట్టుకున్న వర్జీనియా పెద్దలకు, జార్జ్ వాషింగ్టన్‌తో సహా, ఇది గట్టి దెబ్బ. అయితే తిరుగుబాటు మొదలైంది వర్జీనియాలో కాదు, మసాచుసెట్స్‌లో. అక్కడి చిన్న రైతుకు ఒహాయోతో పనేముంది?

అందుకే నా దృష్టిలో 1774 వేసవే కీలకం. టీ పారబోసినందుకు శిక్షగా పార్లమెంటు మసాచుసెట్స్ పాలననే మార్చేసింది. అంతవరకు ఎన్నికైన కౌన్సిల్‌ను ఇకపై రాజే నియమిస్తాడు. గవర్నరు అనుమతి లేకుండా ఊరి సభ ఏడాదికి ఒక్కసారే జరగాలి. జ్యూరీలో ఎవరుండాలో గవర్నరు నియమించిన అధికారి తేలుస్తాడు. రోడ్లు, బడి, పాస్టరు జీతం అన్నీ తరాలుగా ఊరి సభలోనే తేల్చుకుంటున్న రైతులకు ఇది ఇంట్లోకి వచ్చి తాళంచెవులు లాక్కున్నట్టే. బోస్టన్ గొడవలకు అంతవరకు దూరంగా ఉన్న పల్లెలు కూడా కదిలాయి.

సెప్టెంబరు 6న మసాచుసెట్స్‌లోని వూస్టర్ పట్టణంలో 37 ఊళ్ల నుంచి 4,622 మంది వచ్చి కోర్టు తెరవకుండా అడ్డుకున్నారు. జడ్జీలు టోపీలు తీసి చేత్తో పట్టుకుని, రెండు వరుసల జనం మధ్య నడుస్తూ, కొత్త చట్టం కింద పనిచేయబోమని మళ్లీ మళ్లీ చదివారు. తుపాకీ పేలలేదు. యుద్ధం మొదలైన లెక్సింగ్టన్ కాల్పులకు ఇంకా ఏడు నెలలుంది, కానీ మసాచుసెట్స్‌లో బోస్టన్ బయట రాజు పాలన అప్పటికే లేదు.

ఆ యుద్ధంలో పోరాడిన లెవీ ప్రెస్టన్ అనే కెప్టెన్‌ను ముసలితనంలో ఒకాయన కారణం అడిగాడు. స్టాంపు కాగితం ఎన్నడూ చూడలేదని, టీ చుక్క కూడా తాగలేదని, ఎప్పుడూ మమ్మల్ని మేమే పాలించుకున్నామని, వాళ్లు అది వద్దన్నారని ప్రెస్టన్ జవాబు. దాదాపు డెబ్భై ఏళ్ల తర్వాతి జ్ఞాపకం కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోలేం. వూస్టర్ ఘటనతో కలిపి చూస్తే మాత్రం దాని బరువు పెరుగుతుంది. కెనడా అనుభవమూ ఇటే మొగ్గుతుంది. అక్కడ 1837లో తిరుగుబాట్లు వచ్చాయి. 1848లో ఎన్నికైన సభకు జవాబుదారీగా ఉండే ప్రభుత్వం ఏర్పడింది. స్వపాలన దక్కిన కెనడా బ్రిటిష్ సామ్రాజ్యంలోనే ఉండిపోయింది.

స్వేచ్ఛ గురించిన పుస్తకాలు, స్మగ్లింగ్ చేసే వర్తకుల లాభనష్టాలు కూడా కారణాలే. అవి మంటను ఎగదోశాయి, రాజేయలేదు.

దక్షిణ కాలనీలకు మాత్రం పాలన ఒక్కటే చాలదు. 1775 నవంబరులో వర్జీనియా గవర్నరు డన్‌మోర్, తిరుగుబాటుదారుల బానిసలు రాజు పక్షాన పోరాడితే విముక్తి ఇస్తానని ప్రకటించాడు. అప్పటిదాకా ఊగిసలాడిన తోటల యజమానులు చాలామంది అక్కడితో తెగతెంపులు చేసుకున్నారు. వాళ్ల విషయంలో బానిసత్వాన్ని కారణాల జాబితాలో పైనే పెట్టాలి.