విజయవాడ భవానీపురంలో ముప్పై ఏళ్లు కాపురమున్న ఇల్లు: అమ్మేముందు ఉన్నదున్నట్టు

ఈ ఇంటికి నేను 1994లో కాపురానికి వచ్చాను. మా మామగారు 1964లో కట్టించారు. పిల్లలు బెంగళూరులో స్థిరపడ్డారు, నా మోకాళ్లు మెట్లెక్కనంటున్నాయి, అందుకే అమ్మకానికి పెట్టాం. వచ్చినవాళ్లు పది నిమిషాలు తిరిగి, టేపుతో స్థలం కొలుచుకుని వెళ్లిపోతున్నారు. ఇన్నేళ్లు ఊడ్చి తుడిచినదాన్ని కాబట్టి, ఇలాంటి పాత ఇల్లు కొనాలనుకునేవాళ్ల కోసం నాకు తెలిసింది రాస్తున్నాను.

బ్యారేజీకి ఎగువన ఉండటం వల్ల మా దగ్గర కృష్ణ పారదు, నిలబడుతుంది. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయినప్పటి నుంచి ఇటువైపు నది పెద్ద చెరువులాగే ఉంటుంది, మధ్యలో భవానీ ద్వీపం. నేను వచ్చిన కొత్తలో డాబా ఎక్కితే నీళ్లన్నీ కనిపించేవి. ఇప్పుడు రెండు అపార్ట్‌మెంట్ల మధ్య చీర అంచంత కనిపిస్తాయి. ప్రకటనలో ‘రివర్ వ్యూ’ అని పెడదామన్నాడు మా అబ్బాయి. నేను వద్దన్నాను.

నది మాకు దక్షిణాన ఉంది. దాని గాలి ఇంట్లోకి రావాలంటే గుమ్మం దక్షిణానికే ఉండాలి. వచ్చినవాళ్లు వసారాలో కూర్చుని “గాలి భలే వస్తోందండీ” అంటారు. మరుక్షణం “సౌత్ ఫేసింగా?” అని మొహం ముడుస్తారు. గాలి నచ్చింది కానీ గాలి వచ్చే గుమ్మం నచ్చదు!

గోడలు ఒకటిన్నర ఇటుక మందం, 14 అంగుళాలు. గానుగలో ఆడిన సున్నంతో కట్టారు. పైకప్పు టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి, గచ్చు వేసిన పాత మిద్దె. నేలకు కడప రాళ్లు. ఎండ 45 దాటే రోజుల్లో కూడా మధ్యగదిలో రాతి మీద పడుకుంటే సాయంత్రం నాలుగింటి దాకా ఏసీ గుర్తుకు రాదు. ఆ తర్వాతి సంగతి ఎవరూ చెప్పరు. పగలంతా తాగిన ఎండను గోడలు రాత్రి కక్కుతాయి. మే నెలలో రాత్రి పదింటికి బయట చల్లగా, లోపల పొయ్యిలా ఉంటుంది. అత్తగారున్నన్నాళ్లూ అందరం డాబా మీదే పడుకునేవాళ్లం. ఇప్పుడు పడగ్గదికి ఏసీ ఉంది. దాని కోసం పాత వైరింగంతా పీకించి, ఎర్తింగు వేయించి, త్రీ ఫేజ్ తీసుకోవాల్సి వచ్చింది.

ఇక చెమ్మ. పాత ఇల్లు కొనేవాళ్లు మిగతాదంతా వదిలేసినా ఈ ఒక్క ముక్క చదవండి. మా ఇంట్లో నేల నుంచి మూడడుగుల దాకా చెమ్మ ఎక్కేది. ఒక మేస్త్రి మాట విని ఆ మూడడుగులూ సున్నం చెక్కించి సిమెంటు పూయించాం. పైన ఖరీదైన ఎమల్షన్ రంగు వేయించాం. రెండేళ్లు తిరక్కుండా చెమ్మ సిమెంటు దాటి ఐదడుగులకు పాకింది, రంగు అప్పడంలా పొంగి ఊడింది. సున్నం గోడ నీటిని పీల్చి మళ్లీ గాలికి వదిలేస్తుంది. సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. బయటికి దారి లేక అది పైకి పోతుంది. ఇంకో మేస్త్రి వచ్చి సిమెంటంతా కొట్టేసి మళ్లీ సున్నం పూస్తే గానీ తగ్గలేదు. ఒకే గోడకు రెండుసార్లు డబ్బు పోశాం. సున్నం పని తెలిసిన మేస్త్రి దొరకడం ఇప్పుడు ఇల్లు దొరకడం కన్నా కష్టం.

వరద గురించి అందరూ అడుగుతారు, అడగాలి కూడా. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు మేమందరం నది వైపే చూస్తూ కూర్చున్నాం. నీళ్లు మాత్రం వెనక నుంచి, బుడమేరు వాగు వైపు నుంచి వచ్చాయి. అరుగు మూడడుగుల ఎత్తు కాబట్టి మా ఇంట్లో రెండో మెట్టు దగ్గర ఆగాయి. మా వీధి చివర కొత్త ఇల్లు రోడ్డుకు సమానంగా కట్టారు, వాళ్ల ఫ్రిజ్ తేలింది. కరెంటు లేదు, కుళాయి లేదు, మూడు రోజులు ఎదురు మేడ మీది వాళ్లు బకెట్‌కి తాడు కట్టి దించిన అన్నమే తిన్నాం. ఈ చుట్టుపక్కల ఏ ఇల్లు చూసినా ముందు అరుగు ఎత్తు చూడండి, టైల్స్ తర్వాత చూడొచ్చు.

దసరాలో దుర్గ గుడికి వచ్చే జనం కోసం రోడ్లు మళ్లిస్తారు, ఆ పది రోజులూ కూరగాయలకు వెళ్లడం కూడా యాత్రే. 2016 పుష్కరాలకైతే, పున్నమి ఘాట్ దగ్గరే కదా అని, పన్నెండు రోజుల్లో ఎంతమంది చుట్టాలు దిగారో లెక్కలేదు. అప్పుడు మా ఇంటి బావి నీళ్లే కాపాడాయి. 2020లో దుర్గ గుడి ఫ్లైఓవర్ తెరిచాక బస్టాండుకి వెళ్లడం తేలికైంది. కారు పెట్టుకోవడానికి మాత్రం చోటు లేదు, గేటు స్కూటరుకే సరిపోతుంది.

కాగితాలు శుభ్రంగా ఉన్నాయి. లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం), ఇంటిపన్ను రశీదులు అన్నీ ఉన్నాయి. ఇద్దరు ఆడపడుచులూ సంతకాలు పెడతారు. పాత ఇల్లు కొనేటప్పుడు ఆ ఇంటి ఆడపిల్లలతో స్వయంగా మాట్లాడండి. అన్నదమ్ములు “వాళ్లు ఒప్పుకున్నారండీ” అంటే నమ్మకండి.

మొన్న వచ్చినాయన ఇల్లంతా చూసి, కూలగొట్టేటప్పుడు ఆ టేకు తలుపులూ దూలాలూ తనకే వస్తాయా, మేం తీసుకెళ్తామా అని అడిగాడు. ఆయన వెళ్లాక మా ఆయన వసారాలో చాలాసేపు మాట్లాడలేదు. బావి పూడ్చనివాళ్లు దొరికితే రేటు కొంత తగ్గిద్దామంటున్నారు ఇప్పుడు. బావి గురించి ఇంతవరకూ అడిగింది ఒక్కరే, పూడ్చడానికి ఎంతవుతుందని.