ఆత్మకూరు బస్టాండు వెనక కోళ్ల మందుల షాపు: బర్డ్ ఫ్లూ రోజుల్లో నేను చూసింది

నెల్లూరులో ఆత్మకూరు బస్టాండు వెనక సందులో, సైకిల్ రిపేరు కొట్టు పక్కనే ఉండే కోళ్ల మందుల షాపు గురించి రాస్తున్నాను. పెద్ద ఫారాలవాళ్లకు కంపెనీల మనుషులే ఇంటికొస్తారు. నాలాగా పెరట్లో పెంచుకునేవాళ్లకే ఎక్కడ కొనాలో తెలియక తిప్పలు. మాది కోవూరు పక్క పల్లె. నాటుకోళ్లు, గిరిరాజా రకం కోళ్లు కలిపి అరవై దాకా ఉన్నాయి. గుడ్ల మీద, సంక్రాంతికి అమ్మే పుంజుల మీద వచ్చేదే పిల్లల ఫీజులకు. అందుకని మందుల షాపు మంచిదా కాదా అన్నది నాకు చిన్న విషయం కాదు.

2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగుట్లలో, మా కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో కోళ్లు కుప్పలుగా చచ్చిపోయాయి. శాంపిల్స్ భోపాల్ ల్యాబుకు పంపితే బర్డ్ ఫ్లూ అని తేలింది. పది కిలోమీటర్ల లోపల చికెన్ షాపులు 3 రోజులు, కిలోమీటరు లోపలైతే 3 నెలలు మూసెయ్యమన్నారు. ఊరంతా టెన్షన్. అలాంటప్పుడు ఎవరు ఏ సీసా చూపించినా కొనేస్తాం. మా చెల్లెలికి వేరే టౌన్లో ఒక షాపువాడు యాంటీబయాటిక్ పొడి, విటమిన్ సీసా, తయారీ తేదీ కూడా లేని ఇంకేవో చుక్కల మందు అంటగట్టి, ఇవి పోస్తే బర్డ్ ఫ్లూ మీ గడప తొక్కదని చెప్పి పంపాడు. బిల్లు కూడా ఇవ్వలేదు.

ఈ షాపాయన్ని అదే మందు అడిగాను. డబ్బులు చేతిలో పట్టుకునే ఉన్నాను.

"దీనికి మందు లేదక్కా. ఉందని ఎవరన్నా అమ్మితే తీసుకోబాకండి. యాంటీబయాటిక్ వైరస్‌ని ఏం చెయ్యదు" అన్నాడు. హెచ్5ఎన్1 అనే ఈ బర్డ్ ఫ్లూ వైరస్‌కి కోళ్లకు టీకా వేసే పద్ధతి మన దేశంలో లేదని, రోగం తేలితే ఆ ఫారం కోళ్లన్నిటినీ చంపి పూడ్చి పరిహారం ఇస్తారని, అదీ చంపిన కోళ్లకే తప్ప అప్పటికే చచ్చినవాటికి రాదని, అందుకే చావులు మొదలవగానే చెప్పాలని వివరంగా చెప్పాడు. అంత గిరాకీ ఉన్న వారంలో, ఎదురుగా డబ్బులతో నిలబడ్డ మనిషికి ఆ మాట చెప్పడం నాకు చాలా గొప్పగా అనిపించింది. ఈ షాపుకు నేనిచ్చే మార్కుల్లో సగం దానికే.

ఆరోజు నాకు అమ్మింది గుళ్ల సున్నం, బ్లీచింగ్ పౌడరు, చేతి స్ప్రేయరు, రెండు జతల గ్లౌజులు. మాస్కులు ఊరికే ఇచ్చాడు. ముందు పెంట గీకి, సబ్బు నీళ్లతో కడిగి, ఆరాకే బ్లీచింగ్ కొట్టమన్నాడు. పెంట మీద కొడితే మందు బలం పెంటకే పోతుందట. ఈ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది కాబట్టి సబ్బుకే సగం చస్తుందని కూడా చెప్పాడు. గూడు ముందర బ్లీచింగ్ నీళ్లలో తడిపిన గోనె పట్టా పరిచి, గూట్లోకి వెళ్లేందుకు విడిగా ఒక జత చెప్పులు పెట్టుకోమన్నాడు. మా ఇంట్లో ఇప్పటికీ అదే పద్ధతి.

నా కళ్లముందు జరిగింది ఇంకొకటి చెప్పాలి. నేనక్కడుండగా ఒక పెద్దాయన మోటార్ సైకిల్ హ్యాండిల్‌కు ప్లాస్టిక్ కవరు తగిలించుకుని వచ్చాడు. కవర్లోంచి కోడి కాళ్లు బయటికి కనిపిస్తున్నాయి. షాపాయన కౌంటరు దిగి రోడ్డు మీదే ఆయన్ని ఆపాడు. "నాయనా, లోపలికి తేవద్దు, ముడి విప్పొద్దు" అన్నాడు. జుట్టు నల్లబడిందా, మొహం వాచిందా, ఎన్ని చచ్చాయి, ఎప్పటినుంచి అని దూరం నుంచే అడిగి, పశువుల డాక్టరుగారికి ఫోన్ కలిపి ఆయన చేతికిచ్చాడు. ఆ తర్వాత బండి ఆగిన చోట సున్నం చల్లించాడు. కొక్కెర తెగులు (రాణిఖేత్ రోగం)లోనూ కోళ్లు ఇలాగే మెడ వాల్చి, పచ్చగా పారి చస్తాయి. పైకి చూసి ఏది ఏదో చెప్పలేం, ల్యాబులోనే తేలాలి. తెలిసినట్టు ఒక సీసా చేతిలో పెట్టి పంపే షాపులే ఎక్కువ.

కొక్కెర తెగులుకు మాత్రం టీకా ఉంది. అది వేయించకుండా బర్డ్ ఫ్లూకు భయపడి లాభం లేదు. కోడిపిల్లలకు మొదటి వారంలో లసోటా అనే టీకా కంట్లో చుక్క, ఎనిమిది వారాలు దాటాక ఆర్2బి అనే టీకా ఇంజెక్షన్. టీకా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఈ షాపులో టీకాలకు వేరే ఫ్రిజ్ ఉంది. లోపల థర్మామీటరు వేలాడుతుంటుంది, తలుపుకు అతికించిన కాగితం మీద పొద్దున, సాయంత్రం డిగ్రీలు రాస్తారు. నేను వెళ్లినప్పుడల్లా ఆ కాగితమే ముందు చూస్తాను. కరెంటు పోయిన రోజు ఐసు పెట్టెలోకి మార్చినట్టు కూడా దాని మీద రాసి ఉంది. కూల్ డ్రింకులతో కలిపి టీకా పెట్టే షాపులు చూసిన నాకు ఆ కాగితం విలువ తెలుసు.

అడవి పక్షుల గురించీ ఆయనతో మాట్లాడాను. మా ఊళ్లో ఆ రోజుల్లో కొంగలు కనిపిస్తే చాలు రాళ్లు వేశారు. నేలపట్టు గూడబాతుల వల్లే, పులికాట్ ఫ్లెమింగోల వల్లే వచ్చిందని నోటికొచ్చినట్టు మాట్లాడారు. నాకది చాలా బాధ. వలస పక్షులు, ముఖ్యంగా బాతుల జాతివి, వైరస్‌ను దూరాలకు మోస్తాయన్నది నిజమే. కానీ ఇప్పుడు తిరుగుతున్న హెచ్5ఎన్1 వంశం 1996లో చైనా గ్వాంగ్‌డాంగ్‌లో పెంపుడు పెద్ద బాతుల్లోనే (గూస్) మొదట దొరికింది. ఫారాల్లో ముదిరి అడవి పక్షులకు ఎక్కింది. 2005లో చైనాలోనే చింగ్‌హాయ్ సరస్సు దగ్గర తల మీద నల్ల పట్టీలుండే వలస బాతులు వేలల్లో చచ్చాయి, 2021 మొదట్లో మన హిమాచల్ పాంగ్ డ్యామ్ దగ్గరా అవే రాలిపోయాయి. వాటికీ మన కోళ్లకూ ఒకటే చావు. రోగాన్ని ఒక ఫారం నుంచి ఇంకో ఫారానికి తిప్పేది ఎక్కువగా మన లారీలు, గుడ్ల ట్రేలు, పెంట బస్తాలు, చెప్పులు. కొంగకు రాయి వేసేకన్నా చెరువు నీళ్లు కోళ్లకు పోయడం మానేయాలి, కోతలయ్యాక పొలాల్లోకి వచ్చే బాతుల మందల దగ్గరికి మన కోళ్లను వదలకూడదు. బాతులు పైకి బాగానే ఉండి వైరస్‌ను రెట్టలో వదలగలవు.

ఇక లోటు. ఈ షాపులో వాడిన గుడ్ల అట్ట ట్రేలు కట్టలు కట్టి గుమ్మం పక్కనే పెట్టి అమ్ముతారు. ఏ ఫారం నుంచి వచ్చాయో తెలియదు, అట్టను కడగడం కుదరదు. పది ఫారాల మనుషులు అవే చెప్పులతో వచ్చి నిలబడే చోట ఇలాంటివి ఉండకూడదు. ప్లాస్టిక్ ట్రేలు పెట్టండన్నా, కడుక్కోవచ్చు అని మొహం మీదే చెప్పాను. సరేనన్నాడు గానీ మొన్న వెళ్తే అవే కట్టలు. షాపు గుమ్మంలో మందు నీళ్ల పట్టా ఆ గొడవ రోజుల్లో వేశాడు, తర్వాత తీసేశాడు. ఇంత తెలిసిన మనిషి ఇది చేయకపోవడం నాకు నచ్చలేదు. అయిదుకు నాలుగు మార్కులే ఇస్తున్నాను.

ధరల్లో పెద్ద తేడా లేదు. సున్నం బయట ఇంకాస్త చవక.

పిల్లలున్న ఇళ్లవాళ్లకు ఒక మాట. 2025 మార్చిలో నరసరావుపేట పాప, రెండేళ్లది, ఇదే హెచ్5ఎన్1తో పోయింది. పచ్చి కోడి మాంసం ముక్క నోట్లో పెట్టుకుందన్నారు. బాగా ఉడికిన కూరతో, ఉడికించిన గుడ్డుతో భయం లేదు, 70 డిగ్రీలు దాటితే వైరస్ బతకదు. కానీ కోసేటప్పుడు, కడిగేటప్పుడు పిల్లలను దగ్గరికి రానీయకండి. చచ్చిన కోడిని ఒట్టి చేత్తో పట్టుకోకండి, కాలవలో పారేయకండి.

లసోటా బుడ్డి వంద డోసులది, పది కోళ్లున్నవాళ్లకు దండగ. షాపాయన దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. అందులో మీ ఊరు, ఫోన్ నంబరు రాయిస్తే దగ్గరి ఊళ్లవాళ్లను కలిపి ఒకే రోజు బుడ్డి తీసుకునేలా చూస్తాడు. మా నాలుగు ఇళ్లవాళ్లం అలాగే తీసుకుంటున్నాం. కలిపిన మందు రెండు గంటల్లోపు వాడేయాలి కాబట్టి పొద్దున్నే వెళ్లండి, ఫ్లాస్కు మీరే తెచ్చుకోండి, ఐసు ఆయనే ఇస్తాడు. ఆదివారం మధ్యాహ్నం నుంచి షాపు ఉండదు.