సెకండ్ హ్యాండ్ వుడ్ చిప్పర్ కొంటున్నారా? సేఫ్టీ స్విచ్ వైర్లు చూశాకే డబ్బు కట్టండి

"సెల్ఫ్ కొడితే చాలు, ఇంజిన్ ఫుల్ కండిషన్" అని అంటగట్టిన పెట్రోల్ చిప్పర్ (కొమ్మలను ముక్కలు చేసే యంత్రం) ఇది. విప్పి చూస్తే హాపర్ (కొమ్మలు వేసే గరాటు) కింద, అది తెరవగానే ఇంజిన్ ఆపే సేఫ్టీ స్విచ్ కనెక్టర్ ఊడదీసి ఉంది. వైరు కొసకు నల్ల టేపు చుట్టి, జిప్ టైతో ఫ్రేముకు బిగించేశారు. బేరం నాడు బ్రహ్మాండంగా తిరిగిన ఇంజిన్‌లో, కనెక్టర్ తగిలించగానే స్పార్క్ మాయం. ఇలాంటప్పుడు కొన్నవాళ్లు ముందుగా కొనేది స్పార్క్ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్. చాలాసార్లు అది దండగ ఖర్చే.

ఈ ఇంజిన్ ఆగాలంటే కాయిల్ నుంచి వచ్చే కిల్ వైరు బాడీకి ఎర్త్ కావాలి. కీ ఆఫ్ చేసినా, హాపర్ తెరిచినా జరిగేది అదే. ఆ వైరు హాపర్ కీలు దగ్గరో, రబ్బరు బుష్ ఊడిన రంధ్రంలోనో ఒరుసుకుని రాగి బయటపడితే ఎప్పుడూ ఎర్త్ అయ్యే ఉంటుంది. ఇక కొత్త కాయిల్ వేసినా స్పార్క్ రాదు. స్విచ్‌లో తడి చేరినా అంతే. తప్పు వెతికే ఓపిక లేని అమ్మకందారు స్విచ్‌నే తప్పించేస్తాడు. డీజిల్ మోడళ్లలో చాలావాటికి పద్ధతి తలకిందులు: ఇంధనాన్ని వదిలే ఫ్యూయల్ సోలనాయిడ్‌కు కరెంటు అందుతుంటేనే ఇంజిన్ నడుస్తుంది. అందుకని అక్కడ స్విచ్‌ను తప్పించేస్తే దాని వైర్లు రెండూ కలిపి మెలిపెట్టి కనిపిస్తాయి.

స్విచ్ పనిచేస్తోందో లేదోనని హాపర్ తెరిచి సెల్ఫ్ కొట్టకండి. తప్పించేసి ఉంటే బ్లేడ్లు మీ ముందే తిరుగుతాయి. కీ తీసి, బ్లేడ్లుండే రోటర్ పూర్తిగా ఆగాక బ్యాటరీ నెగెటివ్, ప్లగ్ క్యాప్ ఊడదీయండి. కిల్ వైరును కాయిల్ దగ్గర విప్పి, మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో (రెండు చివరలు కలిసి ఉంటే మోగే సెట్టింగులో) పెట్టి ఒక ప్రోబ్ ఆ వైరుకు, రెండోది ఇంజిన్ బ్లాకుకు ఆనించండి. కీ ఆన్‌లో, హాపర్ మూసి ఉంటే మీటరు మోగకూడదు. హాపర్ తెరిస్తే మోగాలి. మూసినా మోగుతుంటే స్విచ్ కనెక్టర్ తీసి చూడండి: మోత ఆగితే తప్పు స్విచ్‌లో, ఆగకపోతే వైరులోనో, కీ స్విచ్‌లోనో. వైరును జానెడు జానెడుగా కదిలిస్తూ పోతే ఎక్కడ తగులుతోందో దొరుకుతుంది. కొన్ని ఇంజిన్లలో ఆయిల్ తగ్గినా స్పార్క్ ఆగిపోతుంది, కాబట్టి అన్నిటికన్నా ముందు డిప్ స్టిక్ తీసి చూడండి. కిల్ వైరు విప్పి ఉంచి ఇంజిన్ మాత్రం నడపొద్దు, కీ తిప్పినా ఆగదు.

కొమ్మలను లోపలికి లాగే రోలర్లు తిరగకపోతే "హైడ్రాలిక్ పంపు పోయింది" అని చెప్పి రేటు తగ్గిస్తారు. నమ్మేముందు ఆర్‌పీఎం సెన్సార్ చూడండి. దాని ముక్కుకు ఇనుప రజను పట్టినా, గ్యాప్ పెరిగినా కంట్రోలర్‌కు ఇంజిన్ వేగం తెలియదు, ఫీడ్ ఆపేస్తుంది. తుడిచి, మాన్యువల్‌లో చెప్పిన గ్యాప్ పెడితే సరిపోయే పనికి పంపు విప్పడం ఎందుకు? సెన్సార్ వైరుకు నేరుగా 12 వోల్టులు ఇచ్చి చూసే మెకానిక్ దొరికితే కంట్రోలర్ కూడా పోవచ్చు. రోలర్లకు ఆయిల్ వదిలే వాల్వ్ సోలనాయిడ్‌కు వోల్టేజీ కొలిచేటప్పుడు ప్లగ్ తగిలించే ఉంచండి. ఊడదీసి కొలిస్తే, తుప్పు పట్టి ఒక్క పోగు మిగిలిన వైరు కూడా 12 చూపిస్తుంది. క్లిప్ ప్రోబులు ఇంజిన్ ఆపి ఉన్నప్పుడే తగిలించుకోండి.

సెల్ఫ్ కొడితే టక్‌మని ఊరుకునే బండికి వెంటనే స్టార్టర్ మార్చేస్తారు. బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉండి, సెల్ఫ్ కొట్టినప్పుడు 9.6 కన్నా కిందికి పడకపోతే బ్యాటరీ బాగున్నట్టే. అప్పుడు సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ నెగెటివ్‌కీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య కొలవండి. అర వోల్టు దాటిందంటే ఎర్త్ స్ట్రాప్ కింద పెయింటో తుప్పో ఉంది, గీకి బిగించండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 రావాలి.

ఫ్యూజు బాక్సు మూత కూడా తీయించండి. 10 ఆంపియర్ల చోట 30ది కనిపిస్తే వైరింగ్ ఎక్కడో షార్ట్ అవుతోందని అనుమానించి, హార్నెస్ (వైర్ల కట్ట) మొత్తం మార్చే ఖర్చు కలుపుకునే బేరమాడండి.