ఎనిమిదేళ్ళు వాడాక చెబుతున్నా: క్యూఆర్ కోడ్ చుట్టూ ఆ నాలుగు గళ్ళ ఖాళీ గురించి

లేబుళ్ళు, పోస్టర్లు, టికెట్లు డిజైన్ చేయడం నా పని. ఎనిమిదేళ్ళుగా నా చేతి మీదుగా ప్రింటుకు వెళ్ళిన వాటిలో క్యూఆర్ కోడ్ లేని కాగితం అరుదు. ఈ సమీక్ష ఏ యాప్ గురించో, ఏ ప్రింటర్ గురించో కాదు. కోడ్ చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా గురించి. ఖాళీకి కూడా సమీక్షా అని నవ్వుకోవచ్చు. మొదటి రెండేళ్ళు నేనూ నవ్వుకున్నవాణ్ణే. ఆ రెండేళ్ళలో పడ్డ తిప్పలే ఇక్కడ సగం ఉన్నాయి.

నియమం చిన్నది. క్యూఆర్ కోడ్‌కి నాలుగు వైపులా నాలుగేసి గళ్ళ వెడల్పున ఏమీ లేని జాగా ఉండాలి. గడి అంటే కోడ్‌లో కనిపించే అతి చిన్న చదరం. చుట్టూ వదిలే ఆ ఖాళీని క్వైట్ జోన్ అంటారు. అక్షరం, గీత, బొమ్మ, ఫ్రేమ్ ఏదీ అందులోకి రాకూడదు. క్యూఆర్ కోడ్‌కి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 18004 చెప్పేది ఇదే. నాలుగు మిల్లీమీటర్లు కాదు, నాలుగు గళ్ళు. ఈ తేడా అర్థం కావడానికి నాకు చాలాకాలం పట్టింది.

మొదటి దెబ్బ ఒక కార్యక్రమానికి చేసిన ప్రవేశ టికెట్లతో తగిలింది. కోడ్ చుట్టూ ముదురు నీలం రంగులో మందపాటి ఫ్రేమ్ గీశాను. కోడ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య ఒక్క గడి సందు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. నా ఫోన్ టక్కున చదివింది, క్లయింట్ ఫోన్ కూడా చదివింది, ప్రూఫ్ (అచ్చుకి ముందు చూసుకునే నమూనా) ఓకే అయిపోయింది. తీరా ఆ రోజు గేటు దగ్గర చేత్తో పట్టుకునే స్కానర్లు పెట్టారు. కొన్ని టికెట్లు వెంటనే చదువుతున్నాయి, కొన్నింటిని అటు తిప్పి ఇటు తిప్పి దగ్గరికీ దూరానికీ జరపాల్సి వస్తోంది, కొన్ని ఎంతకీ చదవట్లేదు. లైను పెరిగిపోతోంది. నాకు ఫోన్ మీద ఫోన్. అక్కడున్న కుర్రాడొకడు ఓ తెల్ల కాగితం తీసుకుని, మధ్యలో సరిగ్గా కోడ్ సైజుకి చదరంగా కత్తిరించి, దాన్ని ప్రతి టికెట్ మీదా అద్ది స్కాన్ చేయడం మొదలుపెట్టాడట. అన్నీ చదివాయి. నేను ఫ్రేమ్ పేరుతో తినేసిన ఖాళీని ఆ కుర్రాడు కాగితంతో తిరిగి ఇచ్చాడన్నమాట.

ఆ రాత్రి కూర్చుని అసలు స్కానర్ ఏం చూస్తుందో చదివాను. కోడ్ మూడు మూలల్లో పెద్ద చదరాలు ఉంటాయి కదా, స్కానర్ ముందు వెతికేది వాటినే. వాటి మధ్యగా ఏ దిక్కున గీత గీసినా నలుపు, తెలుపు వరస ఒకే నిష్పత్తిలో వస్తుంది: ఒక గడి నలుపు, ఒకటి తెలుపు, మూడు నలుపు, ఒకటి తెలుపు, ఒకటి నలుపు. 1:1:3:1:1. జపాన్‌లోని డెన్సో సంస్థలో మసాహిరో హరా బృందం 1994లో ఈ కోడ్‌ను తయారుచేసినప్పుడు పత్రికలు, కరపత్రాలు, అట్టపెట్టెల మీద ఉండే అచ్చు అంతా పరిశీలించి, మామూలు అచ్చులో అతి తక్కువగా తగిలే నిష్పత్తి ఇదని తేల్చి దీన్ని ఎంచుకున్నారు.

ఇప్పుడు నా నీలం ఫ్రేమ్ సంగతి చూడండి. ఆ వరసలో మొట్టమొదటి ‘1’ ఎక్కడ మొదలవుతుందో స్కానర్‌కి తెలియాలంటే దానికి ముందు తెలుపు ఉండాలి. రెండు గళ్ళ మందమున్న ముదురు ఫ్రేమ్ కోడ్‌కి అంటుకుపోతే ఆ ‘1’ కాస్తా మూడవుతుంది, వరస 3:1:3:1:1 అయిపోతుంది. స్కానర్ వెతికే గుర్తు అది కాదు, వదిలేసి ముందుకు పోతుంది. నేను ఒక్క గడి సందు వదిలాను కాబట్టి పూర్తిగా అంటుకోలేదు. కానీ మసక వెలుతురులో, కాస్త వంకరగా పట్టుకున్నప్పుడు, ఇంకు కొంచెం పాకినప్పుడు ఆ సన్న తెల్లగీత కెమెరాకి బూడిద రంగులో కనిపిస్తుంది. అందుకే కొన్ని టికెట్లు చదివాయి, కొన్ని చదవలేదు.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఖాళీ తగ్గిస్తే కోడ్ చచ్చిపోదు. చచ్చిపోతే ప్రూఫ్ దశలోనే పట్టుకుంటాం. ఇది సగం సగం పనిచేస్తుంది. ఇప్పటి మంచి ఫోన్లలోని సాఫ్ట్‌వేర్ ఎంత గడుసుదంటే ఒక గడి ఖాళీ ఉన్నా, ఒక్కోసారి అసలు లేకపోయినా ఎలాగోలా చదివేస్తుంది. డిజైనర్ దగ్గరా క్లయింట్ దగ్గరా ఉండేవి ఆ ఫోన్లే. చదవని స్కానర్ ఎప్పుడూ వేరే వాళ్ళ చేతిలోనే ఉంటుంది.

“ఎర్రర్ కరెక్షన్ ఉంది కదా, 30 శాతం పాడైనా చదువుతుందంటారుగా” అని అడగని క్లయింట్ లేడు. నిజమే, ఎల్, ఎం, క్యూ, హెచ్ అని నాలుగు స్థాయిలు ఉన్నాయి. సుమారుగా 7, 15, 25, 30 శాతం నష్టాన్ని పూడ్చుకోగలవు. కానీ అది లోపలి డేటాకి సంబంధించిన లెక్క. మూలల చదరాలకి గానీ, బయటి ఖాళీకి గానీ ఆ రక్షణ లేదు. కోడ్ ఎక్కడుందో దొరికాక కదా అందులోని తప్పులు దిద్దుకునేది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, గుర్తు పట్టలేని కోడ్‌కి హెచ్ స్థాయి పెట్టి ఏం లాభం?

పైగా ఆ హెచ్ స్థాయికి ఇంకో ఖరీదు ఉంది. అదే లింకుకి గళ్ళ సంఖ్య పెరుగుతుంది, గడి చిన్నదవుతుంది. ఈ లెక్క ఒకసారి వేసి చూశాక నా అలవాటే మారిపోయింది.

అతి చిన్న క్యూఆర్ కోడ్ 21 గళ్ళు అడ్డం, 21 నిలువు. రెండు వైపులా నాలుగేసి గళ్ళు కలిపితే 29. అంటే మొత్తం 841 గళ్ళ చదరంలో కోడ్ 441 మాత్రమే, మిగతా 400 ఖాళీ. దాదాపు సగం! అదే అతి పెద్ద కోడ్ తీసుకుంటే 177 గళ్ళు, ఖాళీతో కలిపి 185. అక్కడ ఖాళీ వాటా తొమ్మిది శాతం కూడా రాదు. చిన్న కోడ్ పెట్టినప్పుడే ఖాళీ వృథాగా కనిపించడానికి, “ఇక్కడ ఏమైనా పెట్టొచ్చుగా” అని జనానికి చెయ్యి దురద పుట్టడానికి కారణం ఇదే.

లేబుల్ మీద మీకు దొరికింది 20 మిల్లీమీటర్ల చదరం అనుకుందాం. 29 గళ్ళ కోడ్‌ని (ఈ 29 కోడ్‌వే, ఖాళీ కలిపితే 37) ఖాళీతో సహా అందులో పెడితే ఒక్కో గడి 0.54 మిల్లీమీటర్లు వస్తుంది. ఖాళీ తీసేసి కోడ్‌ని అంచుల దాకా సాగదీస్తే 0.69. గడి పెద్దదైతే మంచిదేగా అని నేనూ ఆ పని చేశాను. అది లాభం కాదు, అప్పు. గడి పెద్దది కావాలంటే సరైన దారి లింకు తగ్గించడం. ఎం స్థాయిలో 29 గళ్ళ కోడ్ 42 అక్షరాల దాకా పడుతుంది, 25 గళ్ళది 26 దాకా. లింకుని 26 లోపు దించితే ఖాళీ ముట్టుకోకుండానే గడి 0.6 దాటుతుంది. ఇప్పుడు జాగా చాలట్లేదని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది, “ఆ లింకు చివర ప్రశ్నార్థకం తర్వాత ఉన్న తోకంతా అవసరమా?” అని. తొంభై శాతం సార్లు అవసరం ఉండదు. (ఆ తొంభై నా అంచనా, ఎవరూ లెక్క అడగొద్దు.)

రెండో పెద్ద దెబ్బ తెర మీద. ఒక సంస్థకి ఈమెయిల్‌లో పంపే పాస్‌లకు కోడ్‌ని వెనకాల రంగు లేకుండా, పారదర్శకంగా పీఎన్‌జీ ఫైల్‌గా ఇచ్చాను. ఏ రంగు మీదైనా పెట్టుకోవచ్చని నా తెలివి. డార్క్ మోడ్ పెట్టుకున్నవాళ్ళ ఫోన్లలో నల్లటి తెర మీద నల్లటి గళ్ళు. లోపలి తెల్ల గళ్ళు కూడా పారదర్శకమే కాబట్టి మొత్తం ఒక నల్ల పలక. కంగారులో లోపలి గళ్ళకి మాత్రం తెలుపు నింపి మళ్ళీ పంపాను. కోడ్ కళ్ళకి బాగానే కనిపిస్తోంది, అయినా సగం మందికి చదవలేదు. చుట్టూ ఖాళీ నల్లగా ఉంది మరి! మూడోసారి చుట్టూ తెల్ల అంచుని కూడా ఫైల్ లోపలే కలిపి పంపితే గానీ నా టెన్షన్ తీరలేదు. ఖాళీ తెల్లగానే ఉండక్కర్లేదు. లేత మీగడ రంగైనా, లేత పసుపైనా ఫర్వాలేదు. కోడ్‌లోని లేత గళ్ళ రంగు ఏదైతే చుట్టూ అదే ఉండాలి. ఫొటో మీద పెట్టి, “ఆ భాగం ఆకాశమే కదా” అనుకోవడం మాత్రం వద్దు. ఆకాశంలో మబ్బులు ఉంటాయి.

గీతల బార్‌కోడ్‌లదీ ఇదే కథ, కాకపోతే కుడి ఎడమలకే. సరుకుల మీద ఉండే 13 అంకెల ఈఏఎన్ కోడ్‌కి ఎడమ వైపు 11 సన్న గీతల వెడల్పు, కుడి వైపు 7 గీతల వెడల్పు ఖాళీ కావాలి. మామూలు సైజులో సన్న గీత 0.33 మిల్లీమీటర్లు కాబట్టి ఎడమన మూడున్నర మిల్లీమీటర్ల పైన, కుడిన రెండు మిల్లీమీటర్ల పైన. ఎడమ పక్కన మొదటి అంకె బయట విడిగా నిలబడి ఉంటుంది, ఆ జాగాని అది కాపలా కాస్తుంది. కుడి పక్కన ఎవరూ లేరు. అందుకే చాలా కోడ్‌ల కింద కుడి చివర చిన్న బాణం మొనలాంటి గుర్తు (>) వేస్తారు. ఖాళీ ఇంతవరకూ ఉందని హద్దురాయి. ఒకసారి నా దగ్గర పనిచేసే అబ్బాయి అది టైపింగ్ తప్పనుకుని చెరిపేశాడు. చెరిపేసి ఊరుకోలేదు, జాగా దొరికింది కదా అని రీసైక్లింగ్ గుర్తు తెచ్చి అక్కడ కూర్చోబెట్టాడు. చివరి నిమిషంలో నా కంటపడింది కాబట్టి బతికిపోయాం. వాణ్ణి ఏమనను, ఆ గుర్తు దేనికో నాకు మాత్రం ఎవరు చెప్పారు గనుక?

కటింగ్ గురించి ఒక మాట. తెర మీద నాలుగు గళ్ళు సరిగ్గా కొలిచి పెట్టినా, స్టిక్కర్ కోసేటప్పుడు కత్తి ఒక మిల్లీమీటరు జరిగితే ఒక వైపు ఖాళీ పోతుంది. ఆ స్టిక్కర్ ముదురు రంగు డబ్బా మీద అంటించారంటే, అంచు దాటగానే చీకటి. కోడ్ లేబుల్ అంచు దగ్గర ఉన్నప్పుడు నేను నాలుగుకి బదులు ఆరు గళ్ళు వదులుతాను. గుండ్రటి సీసా మీదైతే పక్కలకి ఇంకాస్త.

ఫిర్యాదులూ ఉన్నాయి, లేకపోలేదు. చిన్న వస్తువుల మీద ఈ నియమం నిజంగా ప్రాణం తీస్తుంది. అలాంటిచోట క్యూఆర్ పట్టుకుని వేళ్ళాడక్కర్లేదు. ఇలాంటి గళ్ళ కోడ్‌లు ఇంకా ఉన్నాయి: డేటా మ్యాట్రిక్స్‌కి చుట్టూ ఒక్క గడి చాలు, మైక్రో క్యూఆర్‌కి రెండు. ఆజ్‌టెక్ కోడ్‌కైతే ఖాళీయే అక్కర్లేదు, దాని గుర్తు మూలల్లో కాకుండా నడిబొడ్డున ఉంటుంది కాబట్టి బయట ఎవరున్నా దానికి పట్టదు. కాకపోతే చదివే స్కానర్ ఏదో ముందే తెలిసి ఉండాలి. జనం జేబుల్లోని ఫోన్లన్నీ వీటిని చదువుతాయన్న భరోసా లేదు, క్యూఆర్‌ని చదువుతాయి.

కోడ్ తయారుచేసే టూల్స్ మీద నాకింకో కోపం. జీబ్రా క్రాసింగ్ (ZXing) లాంటి పేరున్న సాఫ్ట్‌వేర్ లైబ్రరీలు అడక్కపోయినా నాలుగు గళ్ళు ఇస్తాయి. కానీ ఆన్‌లైన్‌లో దొరికే బోలెడు టూల్స్‌లో మార్జిన్ సున్నా చేసుకునే మీట ఉంటుంది, అది అందంగా ఉందని జనం సున్నా చేసేస్తారు. ఆ తర్వాత ఫైల్ నా దగ్గరికి వస్తుంది. చదరం అంచుకి అంటుకుని ఉందో లేదో చూడ్డానికి నేను చేసే మొదటి పని, దాని వెనకాల ముదురు ఎరుపు పెట్టెను పెట్టడం. ఎరుపు నేరుగా నల్ల గళ్ళని తాకితే మళ్ళీ తయారుచేస్తాను.

ఇప్పుడు నా పద్ధతి ఇది. కోడ్‌ని ఎప్పుడూ విడిగా ఇవ్వను. నాలుగు గళ్ళ అంచుతో కలిపి ఒకే తెల్ల చదరంగా చేసి, గ్రూపు కట్టి, లాక్ చేసి ఇస్తాను. సొరుగులో ఓ పాత ఫోన్ ఉంది, కెమెరా అద్దం మీద గీతలు పడి, వెలుతురు తగ్గితే సతాయించే రకం. అమ్మేద్దామని తీసి, ఈ పని కోసమే ఉంచుకున్నాను. ప్రూఫ్ వచ్చాక లైట్లు సగం ఆపి, కాగితాన్ని కాస్త వంచి, ఆ ఫోన్‌తో చదివిస్తాను. అది చదివితేనే ప్రింటుకి వెళ్తుంది.

అయినా నిన్నగాక మొన్న ఒక క్లయింట్ నుంచి మెసేజ్: “కోడ్ చాలా బాగుంది. చుట్టూ ఉన్న తెలుపు కొంచెం క్రాప్ చేశాం, పర్లేదుగా?”