ఊదా ప్లగ్ ఎవరికి? గేమ్‌బాయ్ అడ్వాన్స్ లింక్ కేబుల్ ఇన్నేళ్లు వాడాక

2005 వేసవి సెలవుల్లో మా బాబాయి అమెరికా నుంచి వస్తూ నాకూ తమ్ముడికీ చెరొక గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీ తెచ్చాడు, నింటెండో కంపెనీ వాళ్ల చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్. వాటితో పోకెమాన్ అనే ప్రాణుల్ని పట్టి పెంచే ఆటలు: నాకు పోకెమాన్ ఫైర్‌రెడ్, వాడికి లీఫ్‌గ్రీన్. గ్రోలిత్ అనే పోకెమాన్ నా ఆటలోనే దొరుకుతుంది, వల్పిక్స్ వాడి ఆటలోనే. హాంటర్ గెంగార్‌గా మారాలంటే లెవెల్ ఎంత పెంచినా లాభం లేదు, రెండు గేమ్‌బాయ్‌లు కలిపి ఇంకొకరికి ట్రేడ్ (మార్పిడి) చేయాల్సిందే. ఆ రెండు గేమ్‌బాయ్‌లూ ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

ఆట పెట్టెలోనే గేమ్‌బాయ్‌లను తీగ లేకుండా కలిపే వైర్‌లెస్ అడాప్టర్ వచ్చింది. మొదటి ఏడాది దానితోనే ఆడాం, బాగానే పనిచేసింది. ఇంకో పోకెమాన్ ఆట రూబీ కొన్నాక చిక్కు వచ్చింది. రూబీ, దాని జంట ఆట సఫైర్ జపాన్‌లో 2002లోనే వచ్చేశాయి. అడాప్టర్ వచ్చింది 2004లో. అందుకే ఆ రెండు ఆటల్లో అది పనిచేయదు. బండ్ల పందెం ఆట మారియో కార్ట్ సూపర్ సర్క్యూట్‌లోనూ అంతే. గేమ్‌బాయ్‌లను తీగతో కలిపే లింక్ కేబుల్ తప్పలేదు.

మొదట తక్కువ ధరకు దొరికిన వేరే కంపెనీ కేబుల్ కొన్నాం. ప్లగ్ వదులుగా ఉండేది. ట్రేడ్ మధ్యలో చెయ్యి కాస్త కదిలితే కమ్యూనికేషన్ ఎర్రర్. రెండూ ఆపేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. నెలల తరబడి పెంచిన కడాబ్రా ఏమైపోతుందోనని ఒకటే టెన్షన్. "అన్నయ్యా, కదలకు" అని తమ్ముడు ప్రతిసారీ చెప్పేవాడు. ఆరు నెలలు తిరక్కుండానే అది పాడైంది.

తర్వాత నింటెండో వాళ్ల కేబులే తెప్పించాం. దాని తయారీ నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఒక చివర ఊదా ప్లగ్, రెండో చివర బూడిద రంగు ప్లగ్, మధ్యలో చిన్న డబ్బా. ఆ డబ్బాలో ఇంకో కేబుల్ ఊదా ప్లగ్ పెడితే మూడో మనిషి ఆటలోకి వస్తాడు. నలుగురు ఆడాలంటే మూడు కేబుళ్లు చాలు. ఊదా ప్లగ్ ఉన్నవాళ్లే మొదటి ఆటగాడు. మారియో కార్ట్‌ను ఒక్క క్యాసెట్‌తోనే నలుగురూ ఆడొచ్చు, కానీ ఆ క్యాసెట్ ఊదా ప్లగ్ ఉన్న గేమ్‌బాయ్‌లో ఉండాలి. ఈ సంగతి తెలియక మేం ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాం. అలా ఆడితే అందరికీ యోషీ అనే ఒకే పాత్ర వస్తుంది, రంగులు మాత్రమే వేరు. అయినా కరెంటు పోయిన సాయంత్రాల్లో నలుగురం డాబా మీద ఆ నాలుగు వెలుతురు తెరల ముందు కూర్చున్న ఆనందం నాకు మరే ఆటలోనూ దొరకలేదు.

ఫైర్‌రెడ్ నుంచి రూబీకి ట్రేడ్ చేయడానికి మాత్రం ఓపిక కావాలి. కేబుల్ ఉంటే సరిపోదు. ఆట పూర్తిచేసి, ఆటలోని సెవీ దీవుల్లో కెంపూ నీలమూ వెతికి తెచ్చి అక్కడి యంత్రం బాగుచేయించాలి. నాకు రెండు సెలవులు పట్టింది.

ఇప్పుడు పాతవి కొనాలనుకునేవాళ్లు ఒక్కటి చూసుకోండి. నింటెండో డీఎస్‌లో ఈ క్యాసెట్లు ఆడతాయి కానీ, కేబుల్ పెట్టే రంధ్రమే లేదు. దానిలో ట్రేడ్ కుదరదు. గేమ్‌బాయ్ మైక్రోకు రంధ్రం ఉంది కానీ దాని ఆకారం వేరు, ఈ ప్లగ్ పట్టదు. పాత గేమ్‌బాయ్ కలర్ కేబుల్‌తో అడ్వాన్స్ ఆటలు కలవవు. కాబట్టి కేబుల్ కొనే ముందు మధ్యలో డబ్బా ఉందో లేదో చూడండి. ప్లగ్ పెట్టి కాస్త ఊపి చూడండి, వదులుగా కదిలితే వద్దనండి.